'ఓరిక్స్ అండ్ క్రేక్' కొందరికి అంతగా నచ్చితే, కొందరు మధ్యలోనే ఎందుకు వదిలేస్తారు?

మార్గరెట్ ఆట్‌వుడ్ 2003లో రాసిన ఈ నవలపై ఎక్కువగా వినిపించే ఫిర్యాదు సైన్స్ గురించి కాదు, మనుషుల గురించి. ఒక మహావిపత్తులో మనుషులు దాదాపు అంతరించిపోయాక, బతికి మిగిలిన జిమ్మీ జ్ఞాపకాల్లోంచే కథంతా నడుస్తుంది. అతను స్వార్థపరుడు, ఆడవాళ్లతో నిజాయితీగా ఉండడు. అలాంటివాడి వెంట చివరిదాకా నడవడం కొందరి వల్ల కాదు. జిమ్మీ ప్రేమించిన ఓరిక్స్ మనసులో ఏముందో మనకు సరిగ్గా తెలియకపోవడం ఇంకో అసంతృప్తి. ఇది న్యాయమైన మాటే అని నా అభిప్రాయం.

నచ్చినవాళ్లు మాత్రం పిగూన్లను మర్చిపోలేరు. మనిషికి అమర్చే అవయవాల కోసం జన్యువులు మార్చి పెంచే పందులవి. జిమ్మీ తండ్రి పనిచేసే చోట క్యాంటీన్‌లో పంది మాంసం తరచూ కనిపిస్తుంటే పెద్దవాళ్లు జోకులేసుకుంటారు. చిన్న జిమ్మీకి మాత్రం అవి తనలాంటి ప్రాణులే అనిపించి తినబుద్ధి కాదు. 2022లో అమెరికాలో జన్యువులు మార్చిన పంది గుండెను నిజంగానే ఒక మనిషికి అమర్చారు. ఆ సంగతి తెలిసి చదివితే ఈ పేజీలు గుండెను పిండేస్తాయి.

ముగింపు ఏదీ తేల్చదు, అదీ చాలామందికి చిరాకే. అలాంటివాళ్లు 2009లో వచ్చిన రెండో భాగం 'ది ఇయర్ ఆఫ్ ద ఫ్లడ్' కూడా చదవండి. అందులో అదే విపత్తును ఇద్దరు ఆడవాళ్ల వైపు నుంచి చూస్తాం.