.44 మాగ్నమ్‌కి ఏ గ్రిప్? రబ్బరా, చెక్కా అన్నది రెండో ప్రశ్న

రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ .44 మాగ్నమ్ రివాల్వర్ కాలుస్తుంటే ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే లోహపు వలయం) మధ్యవేలి కణుపుకి కొడుతోందనీ, చెక్క గ్రిప్ (పిడి) తీసి రబ్బరుది వేస్తే సరిపోతుందా, లేక స్మిత్ అండ్ వెసన్ 629కి మారాలా అనీ అడిగారు. గ్రిప్‌కి రెండు పక్కలా ఉండే పలకలు మార్చి రబ్బరు వేస్తే అరచేతి మంట తగ్గుతుంది, కణుపు దెబ్బ మాత్రం అలాగే ఉంటుంది. ఆ దెబ్బకి కారణం గ్రిప్ ఆకారం. ముందు ఆకారం, తర్వాత మందం, ఆ తర్వాతే రబ్బరా చెక్కా అన్నది చూడాలి.

తూటా పేలినప్పుడు ఎంత తన్ను (తుపాకీ వెనక్కి తోసే దెబ్బ) వస్తుందో లెక్క చూడండి. 1.36 కిలోల రివాల్వర్ నుంచి 240 గ్రెయిన్ల (సుమారు పదిహేనున్నర గ్రాముల) బుల్లెట్ సెకనుకు 1,350 అడుగుల వేగంతో వెళ్తే, మందుగుండు వాయువుల బరువు కూడా కలుపుకుని తుపాకీ సెకనుకు దాదాపు 20 అడుగుల వేగంతో వెనక్కి వస్తుంది. శక్తిలో సుమారు 25 జౌళ్లు. ఒక కిలో బరువున్న .38 స్పెషల్ రివాల్వర్‌లో ఇది మూడున్నర జౌళ్లే. పైగా బ్యారెల్ మీ చేతి కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి తుపాకీ తిన్నగా వెనక్కి రాదు, మూతి పైకి లేస్తూ చేతిలో తిరుగుతుంది. ఆ తిరుగుడుని ఎంతవరకు రానివ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది గ్రిప్ ఆకారమే నిర్ణయిస్తుంది.

మీ దగ్గరున్నది 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ నుంచి వస్తున్న ఆకారం. పైన సన్నం, కింద వెడల్పు, వెనక వంపు. ఇది తిరగడానికే పుట్టింది. తూటా పేలాక అరచేతిలో కాస్త పైకి దొర్లితే హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) బొటనవేలికి అందుతుంది, మళ్లీ ఎక్కుపెట్టడం తేలిక. తన్ను తక్కువగా ఉన్నంతకాలం చాలా హాయిగా ఉంటుంది. .44 మాగ్నమ్ దగ్గరికి వచ్చేసరికి దొర్లుడుతో పాటు తుపాకీ వెనక్కి కూడా జారుతుంది. మీ మోడల్‌లో గార్డు వెనక భాగం గుండ్రంగా కాక పలకగా ఉంటే, ఆ అంచు సరిగ్గా మధ్యవేలి రెండో కణుపు మీదికి వస్తుంది.

ఖర్చు లేని మందు ముందు చూడండి. మధ్యవేలిని గార్డుకి ఆనించి పట్టుకోకండి, మూణ్నాలుగు మిల్లీమీటర్ల సందు వదలండి. చిటికెన వేలికి చోటు చాలకపోతే దాన్ని గ్రిప్ అడుగున మడిచి పెట్టండి, దొర్లుడు కొంత అదుపులోకి వస్తుంది. దీంతో తగ్గకపోతే గార్డు వెనక ఖాళీని నింపే రబ్బరు గ్రిప్ వేయండి. కొనేముందు ఫొటోలో ఒక్కటే చూడండి: గార్డు వెనక, మధ్యవేలు ఆనే చోట రబ్బరు దిమ్మలా ఉందా లేదా. లేకపోతే అది ఎంత మెత్తనిదైనా మీ సమస్యకి పనికిరాదు.

ఇక మూడో దారి బిస్లీ గ్రిప్. రూగర్ బిస్లీలో వెనక భాగం నిటారుగా, హ్యామర్ కిందికి బాగా ఎత్తుగా వస్తుంది, ముందువైపు గార్డు వెనక చోటు ఎక్కువ. తుపాకీ దొర్లకుండా అరచేతి మీదికి తిన్నగా తోస్తుంది. .44 మాగ్నమ్‌ని మించిన .454 కాసల్ తూటా స్థాయి తన్నుకి సింగిల్ యాక్షన్‌లో (ప్రతిసారీ హ్యామర్‌ని బొటనవేలితో ఎక్కుపెట్టాల్సిన రకంలో) నా ఓటు దీనికే. అయితే మీ బ్లాక్‌హాక్‌కి బిస్లీ గ్రిప్ ఫ్రేము (పలకలు బిగించే లోహపు చట్రం) విడిగా కొని తగిలిద్దామంటే ఫ్రేము ఒక్కటే చాలదు, బిస్లీ హ్యామర్, ట్రిగ్గర్ కూడా కావాలి. వాటి అమరిక తుపాకీ మెకానిక్ చేయాల్సిన పని. అంతకంటే బిస్లీ మోడలే చూసుకోవడం నయం.

629 డబుల్ యాక్షన్, అంటే ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ ఎక్కి పేలుతుంది. అక్కడ చెయ్యి బ్యాక్‌స్ట్రాప్ (గ్రిప్ వెనక ఉండే లోహపు పట్టీ) పైనున్న గూను దాకా ఎక్కాలి, తుపాకీని దొర్లనివ్వకూడదు. గ్రిప్ మందం కూడా కీలకం. సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి, అప్పుడు పట్టుకోండి. బ్యారెల్ ముంజేతికి వరసగా ఉన్నప్పుడు చూపుడువేలి మొదటి మడత ట్రిగ్గర్ మీదికి రావాలి. వేలికొన మాత్రమే అందుతుంటే గ్రిప్ మీకు లావు. మనవాళ్లలో చిన్న చేతులున్నవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే: తన్నుకి భయపడి బ్యాక్‌స్ట్రాప్‌ని కప్పేసే లావు రబ్బరు గ్రిప్ కొంటారు, అది ట్రిగ్గర్‌ని ఇంకా దూరం చేస్తుంది. అందుకోవడానికి చేతిని పక్కకి తిప్పుతారు, అప్పుడు తన్ను మొత్తం బొటనవేలి మొదట్లోని కీలు మీద పడుతుంది. బ్యాక్‌స్ట్రాప్‌ని వదిలేసే గ్రిప్ అలాంటివాళ్లకి మేలు.

వేళ్ల కోసం గాట్లున్న గ్రిప్ మీ వేళ్లకి కుదిరితే సరే. కుదరకపోతే గట్లు వేళ్ల కిందికి వచ్చి ప్రతి తూటాకీ నొక్కుతాయి. నున్నటివే అందరికీ నప్పుతాయి. చెక్క మీద పదునైన గళ్ల చెక్కడం ఈ స్థాయి తన్నుకి ఆకురాయిలా చర్మాన్ని గీకేస్తుంది. రబ్బరు చర్మానికి అతుక్కుంటుంది, ఒకసారి తప్పుగా పట్టుకుంటే సర్దుకోవడం కష్టం. కోటు కింద పెట్టుకుంటే బట్టని పట్టి లాగుతుంది.

గ్రిప్ ఏదైనా బొటనవేళ్లు రెండూ సిలిండర్ ముందు అంచుకి వెనకే ఉండాలి. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి పక్కలకి చిమ్మే వేడి వాయువు మాంసాన్ని కోస్తుంది. ఇంకా బలమైన .460, .500 మాగ్నమ్‌లలో ఇది మరీ ప్రమాదం. .500 డబుల్ యాక్షన్‌లో ఇంకో సంగతి: పట్టు సడలితే తుపాకీ ఎగిరి, వేలు తెలియకుండానే మళ్లీ ట్రిగ్గర్ నొక్కవచ్చు. రెండో తూటా ఆకాశంలోకి పోతుంది. కొత్తవాళ్లు మొదట్లో ఒక్క తూటాయే నింపాలి.

బ్లాక్‌హాక్ పలకలు విప్పేటప్పుడు అంచుల్లో స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపకండి, చెక్క పెచ్చు ఊడుతుంది. స్క్రూని కొన్ని చుట్లు వదులు చేసి, దాని తల మీద మెల్లగా నొక్కితే అవతలి పలక లేస్తుంది. బిగించేటప్పుడు ఆనేదాకా చాలు, అంతకు మించితే చెక్క చీలుతుంది. అలాగని వదులుగా ఉన్నా అంతే, ప్రతి తన్నుకీ పలక కదిలి అడుగున పిన్ను రంధ్రం దగ్గర పగులు మొదలవుతుంది. కొత్త గ్రిప్‌తో మొదటి పన్నెండు తూటాలయ్యాక స్క్రూ ఒకసారి చూసుకోండి.

కొనేముందు షూటింగ్ రేంజ్‌లో బిస్లీ, 629 రెండూ అద్దెకి తీసుకుని చూడండి, మొదట తన్ను తక్కువుండే .44 స్పెషల్ తూటాలతో, తర్వాత మాగ్నమ్‌తో. అమెరికాలో దీన్ని చదివే మిగతావాళ్లకి ఒక మాట: హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ప్రధానమైన మినహాయింపు. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా ఇదే లెక్క. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు.