తాతగారి కోల్ట్ పిస్తోలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తాతగారు పర్లాకిమిడి జమీందారీలో అడవుల ఉద్యోగిగా ఉన్న రోజుల్లో కొన్న .32 బోరు కోల్ట్ పిస్తోలు మా ఇంట్లో ఉండేది. దాని లైసెన్సు ఆయన తర్వాత మా నాన్నగారి పేరున సాగింది. నాన్నగారు నిరుడు కాలం చేయగానే దానిని ఠాణాలో అప్పగించి రసీదు తీసుకున్నాము. వందేళ్లు దాటిన ఆయుధానికి లైసెన్సు అక్కరలేదని మా బంధువులు అంటున్నారు. అది నిజమేనా? సుత్తి (తూటా అడుగున కొట్టి పేల్చే భాగం) పైకి కనబడని ఈ పిస్తోలును కాల్పుల సాధన రేంజిలో ఒక్కసారైనా కాల్చి చూడవచ్చునా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీ బంధువులు చెప్పినదానిలో సగమే చట్టంలో ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 45వ సెక్షను పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే గాని, మరమ్మతు చేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరానివాటికే అది వర్తిస్తుంది. మీ కోల్ట్ వయస్సు ఎంతైనా, తూటా పెడితే పేలే వస్తువు కాబట్టి లైసెన్సు తప్పదు. ఠాణాలో అప్పగించి మీరు మంచి పని చేశారు. 21వ సెక్షను కోరేది కూడా అదే. 2016 నాటి ఆయుధాల నియమావళి ప్రకారం, లైసెన్సుదారు మరణించాక వారసునికి లైసెన్సు ఇవ్వవచ్చును కనుక, వారసత్వ ధ్రువపత్రమూ, మిగిలిన వారసులకు అభ్యంతరం లేదన్న పత్రాలూ జోడించి గజపతి జిల్లా కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు చేయండి. మన ప్రాంతంవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న పర్లాకిమిడి, ఆ తర్వాత ఒడిశాలోకి వచ్చినా, 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా ఏర్పడేవరకు గంజాం జిల్లాలోనే ఉండిపోయింది. కాబట్టి పాత లైసెన్సు నకళ్ల కోసం మీరు గంజాం జిల్లా కేంద్రమైన ఛత్రపురం వెళ్లవలసి రావచ్చును.

ఇక పిస్తోలు సంగతి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ నమూనాను కోల్ట్ కంపెనీ 1903లో మొదలుపెట్టి ఐదు లక్షలకు పైగా తయారుచేసింది. అందుచేత అది అరుదైనదని ఎవరైనా చెబితే నమ్మకండి. ‘సుత్తి లేనిది’ అని పేరే గాని, జేబులోంచి తీసేటప్పుడు గుడ్డకు తగులుకోకుండా సుత్తిని స్లయిడు (ముందువెనుకలకు జరిగే పైభాగం) లోపల దాచారు, అంతే. అది లోపల ఎక్కుపెట్టి ఉన్నదో లేదో పైకి కనబడదు. పైగా 1920ల నడుమ వరకు తయారైనవాటిలో మ్యాగజైను (తూటాలు నింపే పెట్టె) తీసివేసినా, గొట్టంలో తూటా మిగిలి ఉంటే ట్రిగ్గరు నొక్కగానే పేలుతుంది. మ్యాగజైను తీశాను గనుక ఖాళీ అయిందనుకోవడం ఈ పిస్తోలు విషయంలో ప్రాణాంతకం. ముందు మ్యాగజైను, ఆ తర్వాత స్లయిడు లాగి గొట్టం చూడడం అనే వరుస ఎన్నడూ తప్పకూడదు.

కాల్చవచ్చును, కాని లైసెన్సు మీ పేరున వచ్చాక, అనుమతి గల రేంజిలో, లైసెన్సు గల మరమ్మతుదారు స్ప్రింగులనూ గొట్టాన్నీ చూసి సరేనన్న తర్వాత మాత్రమే. దుకాణంలో ఊరికే ‘.32 తూటాలు’ అని అడగకండి. మన ప్రభుత్వ కర్మాగారాల .32 రివాల్వరులో పట్టే పొడవాటి తూటా వేరు, మీ పిస్తోలులో పట్టే పొట్టి .32 ఏసీపీ (ఆటోమాటిక్ కోల్ట్ పిస్టల్) తూటా వేరు. తాతగారి పెట్టెలో పాత తూటాలు మిగిలి ఉంటే వాటిని అసలు కాల్చకండి. తూటా అడుగున నిప్పు రగిలించే ఆ కాలపు క్యాపుల మందు కాలాక మిగిలే ఉప్పు, తేమను పట్టి గొట్టాన్ని తినివేస్తుంది. గురి కమ్మీలు మరీ చిన్నవి కాబట్టి పోటీ ఫలితాలు ఆశించకండి. ఏడాదికి ఇరవై తూటాలు చాలునని నా అభిప్రాయం.

అన్నట్టు, తోలు సంచిలో పెట్టి దాచకండి. వానాకాలంలో తోలు చెమ్మ పీల్చి, తుప్పు పట్టకుండా ఉక్కుపై వేసిన నీలిపూతను చెరుపుతుంది. మన ఇళ్లలో కొబ్బరినూనె రాసే అలవాటు ఉంది. అది జిగురై బిగుసుకుంటుంది. తుపాకులకు వాడే పలుచని నూనె ఒక పొర రాస్తే సరిపోతుంది. పూత వెలిసిందని కొత్త పూత వేయించారంటే, సేకరించేవారి దృష్టిలో దాని విలువ పోయినట్టే.

ప్రశ్న: పాత జేబు పిస్తోళ్లను నాలుగైదింటిని సేకరించాలని ఉంది. ఏవి మంచివి?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: నాలుగైదు కుదరవు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి వద్ద రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోవే. రెండే అయితే, ఒకటి బెల్జియం ఎఫ్‌ఎన్ కంపెనీవారి 1910 నమూనాను ఎంచుకుంటాను. స్లయిడును తిరిగి ముందుకు నెట్టే స్ప్రింగును గొట్టం చుట్టూ చుట్టిన ఆ ఏర్పాటును తర్వాత ఎందరో అనుకరించారు. రెండవది ఇంగ్లండు వెబ్లీ అండ్ స్కాట్ .32. దీనికి సుత్తి బయటే ఉంటుంది, స్ప్రింగు కుడి పిడిపలక కింద దాగి ఉంటుంది. ఆ పలకలు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతాయి కాబట్టి, వెబ్లీ కొనేటప్పుడు గొట్టం కన్నా ముందు పిడి చూడండి.