సందేహాలు – సమాధానాలు: కణం, రవ్వ, అర

ప్రశ్న: తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. నా ముందు పీరియడ్‌లో ఫిజిక్స్ సారు ఎలక్ట్రాన్ ఒక కణం అని చెప్పి వెళ్తారు. నేను వెళ్లి మన ఒళ్లంతా కణాలే, కణంలో కేంద్రకం, మైటోకాండ్రియాలు, ఇంకా బోలెడు కణాంగాలు ఉంటాయంటాను. ‘అయితే ఎలక్ట్రాన్‌లో కూడా మైటోకాండ్రియాలు ఉంటాయా టీచర్?’ అని ఒక పిల్లవాడు అడిగాడు. క్లాసంతా నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. సెల్‌ను కణం అనడం సరైనదేనా, కోశం అనాలా? కణితి కూడా కణం నుంచే వచ్చిందా? – ఒక ఉపాధ్యాయిని, పత్తికొండ

సమాధానం: అమ్మా, నవ్విన పిల్లల్ని కాస్త మందలించండి. ఆ అబ్బాయి మాటను మాటగా విన్నాడు. తప్పు వాడిది కాదు, ఒకే పేరును రెండు చోట్ల అంటించిన మనది.

కణం సంస్కృతం మాట. దాని అసలు అర్థం గింజ, నూక. వైశేషిక దర్శనం చెప్పిన కణాదుడి పేరుకు గింజలు తినేవాడని అర్థం చెబుతారు. ఆ గింజే చిన్నతనానికి గుర్తయి నీటి తుంపర జలకణం అయింది, నిప్పు తునక అగ్నికణం అయింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన రవ్వను చూడండి, నాకు ఎంతో ఇష్టమైన మాట ఇది. ఉప్మాకి పోసేది రవ్వ. పొయ్యిలోంచి చిటపటమని ఎగిరేది నిప్పురవ్వ. ముక్కుపుడకలో మెరిసే వజ్రమూ రవ్వే. మీ పత్తికొండకు దగ్గరే కదా తుగ్గలి, జొన్నగిరి; తొలకరి చినుకు పడగానే జనం చేలల్లో తల వంచుకుని నేల మీదే కళ్లు పెట్టి తిరిగేది ఆ రవ్వ కోసమే. గింజ నుంచి నిప్పుకు, నిప్పు నుంచి మెరుపుకు! సంస్కృతంలో కణం నడిచిన దారిలోనే తెలుగులో రవ్వ నడిచింది, ఇంకో అడుగు ముందుకే వేసింది. ‘రవంత’ అన్నది మా కడపలో నోట్లో నలిగి నలిగి ‘రోంత’ అయింది. ‘రోంత మజ్జిగ పొయ్ మా’ అన్నప్పుడు ఆ రోంతలో ఒక గింజ దాక్కుని ఉందని ఎవరికీ గుర్తుండదు, అయినా ఉంది. దీన్ని మొరటు మాట అని పిల్లల చేత మాన్పించే టీచర్లున్నారు, వాళ్లకు ‘కొంచెం’ నాగరికం, ‘రోంత’ మోటు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

సరే, అసలు విషయానికి వస్తాను. కణమన్నా రవ్వన్నా చిన్నది, గట్టిది అనే అర్థమే వస్తుంది తప్ప దానికి ‘లోపల’ అనేది ఒకటుందని తోచదు. రవ్వను నలిపితే రెండు రవ్వలవుతాయి. మన ఒంటి కణాన్ని అలా చిదిపితే లోపలి సరుకంతా బయటికి కారి చచ్చిపోతుంది, రెండు కావాలంటే అది తనంతట తాను చీలాలి. అన్నీ చిన్నవేనా అంటే అదీ కాదు. నడుము దగ్గర వెన్నుపాములో మొదలై పాదం దాకా సాగిన నాడీకణం పోగు దాదాపు మీటరు పొడవుంటుంది. దాన్ని నూకతో ఎలా పోలుస్తాం?

పోనీ ఇంగ్లీషువాళ్ల సెల్ సరిగ్గా ఉందా? 1665లో రాబర్ట్ హుక్ బెరడును పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే తేనెపట్టు అరల్లాంటివి కనిపించాయి, చిన్న గది అనే అర్థమున్న మాటతో పేరు పెట్టాడు. ఆయన చూసినవి చచ్చిన కణాల ఖాళీ గోడలు. మన ఒంటి కణానికి ఆ గోడే లేదు, పల్చటి త్వచం మాత్రం ఉంది. అంటే వాళ్ల పేరూ పైపైన చూసి పెట్టిందే. అయినా ‘అర’ అనే మాట మన పుస్తకాల్లోకి రాకపోవడం నాకు వెలితిగానే ఉంది.

ఈ మధ్య ఒక బడిలో చూశాను. ఒకమ్మాయి పుల్లతో చెంప లోపలి వైపు మెల్లగా గీకి గాజుపలక మీద రాసి, మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు ఒక చుక్క వేసింది. కంటికేమో ఉమ్మి మరక. గొట్టంలోంచి చూస్తే పరిచిన అప్పడాల్లాంటివి, అంచులు అక్కడక్కడా మడతపడి, ఒక్కోదాని నడుమ ముదురు నీలం చుక్క. ఆ చుక్కే కేంద్రకం.

కేంద్రకమన్నా నాకు పూర్తి తృప్తి లేదు. 1831లో రాబర్ట్ బ్రౌన్ వాడిన లాటిన్ మాట న్యూక్లియస్‌కు కాయలోపలి పప్పు అని అర్థం. బుడ్డలు (వేరుశనగకాయలు) ఒలిచే ఊళ్లో పిల్లలకు ఇంతకంటే తేలిక పోలిక ఏముంది? మనం ‘నడుమ ఉండేది’ అని పేరు పెట్టుకున్నాం, కానీ కొవ్వు కణంలో అది నడుమ ఉండదు, అంచుకు నెట్టుకుపోయి ఉంటుంది. మన ఎర్ర రక్తకణం ఎదిగేసరికి దాన్ని వదిలేస్తుంది, మైటోకాండ్రియా కూడా ఉండవు, అలాగే సుమారు 120 రోజులు తిరుగుతుంది.

అన్నట్టు, మైటోకాండ్రియా అన్నదే బహువచనం అమ్మా, ఒకటైతే మైటోకాండ్రియాన్. దానికి మళ్లీ ‘లు’ తగిలించడం అలవాటైపోయింది, నేను మాత్రం తగిలించను. 1898లో బెండా అనే శాస్త్రవేత్త పెట్టిన ఈ పేరులో మొదటి ముక్క గ్రీకులో పడుగు పోగు, రెండోది చిన్న నూక. మగ్గం గుంట పక్కన పెరిగిన ధర్మవరం పిల్లలకు పడుగంటే వేరే చెప్పాలా? అసలు ‘కణం’ అనే పేరు న్యాయంగా దక్కాల్సింది దీనికే. తిన్నదాంట్లోంచి, పీల్చిన గాలితో, కణానికి కావాల్సిన శక్తిలో ఎక్కువ భాగం తీసిపెట్టేది ఇదే. పిల్లలేమో ‘కణ శక్త్యాగారాలు’ అని యణాదేశంతో సహా బట్టీపట్టి, ఆ శక్తి ఎక్కడిదంటే దిక్కులు చూస్తారు.

కణంలోని మిగతా కణాంగాల పని ఒక్క మాటలో: రైబోసోమ్‌లో ప్రోటీన్ తయారవుతుంది, గాల్జీ దాన్ని సర్ది పంపుతుంది, లైసోసోమ్ పాతబడ్డవాటిని అరగదీస్తుంది. కణజాలం అంటే ఒకే పని చేసే కణాల అల్లిక, ఒక్క కణాన్ని కణజాలం అని రాయడం మాత్రం తప్పే.

కోశం సంగతి. పొరుగున కన్నడంవాళ్లు జీవకోశ అంటారు, హిందీలో కోశిక. లోపల దాచుకునేది అనే అర్థం చక్కగా వస్తుంది, ఖజానా కోశమే, నిఘంటువూ కోశమే. నేను ఒప్పుకుంటాను. కానీ మనకు అండకోశం అంటే అండాశయం అనే వాడుక ముందే ఉంది, అక్కడ అండకణం, అండకోశం కలిసిపోతే మీ క్లాసులో ఇంకో పిల్లవాడు చెయ్యెత్తుతాడు. అందుకని పరీక్షలో కణం అనే రాయించండి. ఫిజిక్స్ పీరియడ్ తర్వాతి క్లాసులో జీవకణం అనండి. మొదటి రోజు మాత్రం ‘అర’ అని చెప్పి ఆ తర్వాత కణంలోకి వెళ్తే మంచిదని నాకనిపిస్తుంది, పట్టుబట్టను.

కణితికి, కణానికి చుట్టరికం కలపొద్దు. కంతి, కణితి వాపును చెప్పే దేశ్యపదాలనే నా అభిప్రాయం. కణాలు అదుపు తప్పి పెరిగితేనే కణితి వస్తుంది కాబట్టి అర్థం అతికినట్టు ఉంటుంది, అంతే.