పొద్దున తగ్గి, రాత్రికి మళ్లీ వచ్చే జ్వరం

ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ వాడుతున్న మీ నాన్నగారికి జ్వరం ఉదయం 98, రాత్రికి 102 ఉందని మందు పనిచేయట్లేదని అనుకోకండి. ఒంట్లోని గడియారం వల్ల కూడా ఇలా అవుతుంది. ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో వచ్చే వాపును, జ్వరాన్ని అణిచే కార్టిసాల్ అనే హార్మోన్ తెల్లవారేసరికి బాగా పెరిగి, అర్ధరాత్రికి పడిపోతుంది. ఒంటి వేడి కూడా తెల్లవారుజామున తక్కువ, సాయంత్రం ఎక్కువ.

1. ఉదయం 6, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10కి జ్వరం చూసి రాయండి. పారాసిటమాల్ వేసిన టైమ్ పక్కనే రాయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: నిన్న సాయంత్రం 6ని ఇవాళ సాయంత్రం 6తోనే పోల్చాలి, ఇవాళ పొద్దుటితో కాదు. పొద్దున 98 చూసి, 'తగ్గిపోయింది' అని యాంటీబయాటిక్ ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. డాక్టర్ చెప్పినన్ని రోజులూ వేయాల్సిందే.

3. రెండు రోజులైనా సాయంత్రం అంకె దిగకపోతే ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి.

4. మాట తడబడినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, చేతులు చల్లబడినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెద్దవాళ్లలో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే ప్రమాదకర స్థితి) వచ్చినా ఒక్కోసారి జ్వరమే కనపడదు.