రాత్రంతా కారు నడుపుతానంటున్న మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కు, మామయ్య దీవించి రాయునది.

సంక్రాంతికి శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి హైదరాబాద్‌లో కారెక్కితే, తెల్లారాక శ్రీకాకుళంలో ఉంటారని మీ అమ్మ చెప్పింది. అలా వద్దురా. పొద్దున ఆరింటికి లేచినవాడివి, రాత్రి పదకొండుకే 17 గంటలు మేలుకుని ఉన్నట్టు. ఆ స్థితిలో మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతమే.

గంటకు 90 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 25 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కునుకు పడితే వంద మీటర్లు నడిపేవాడు లేని బండే. ఆ సమయంలో కాలు బ్రేకు మీదికి పోదు. అందుకే ఇలాంటి ప్రమాదాల్లో చాలాసార్లు టైరు జారిన గీతలుండవు, ఆగి ఉన్న లారీని పూర్తి వేగంతో గుద్దేస్తారు. రాత్రి రెండు నుంచి అయిదు దాకా, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒళ్లు తనంతట తానే నిద్రకు లాగుతుంది.

వరసగా ఆవులింతలొచ్చినా, దాటొచ్చిన ఊళ్లు గుర్తులేకపోయినా, బండి లైను తప్పినా ఇక నడపకు. అద్దం దించడం, పాటలు పెంచడం, మొహం కడుక్కోవడం కాసేపటి ముచ్చటే. పెట్రోలు బంకులోనో ధాబా ఆవరణలోనో ఆపు, రోడ్డు వార మాత్రం వద్దు. స్ట్రాంగ్ కాఫీ తాగి వెంటనే 20 నిమిషాలు పడుకో. కాఫీ పనిచేయడానికి సుమారు అంతే టైము పడుతుంది, లేచేసరికి రెండూ కలిసొస్తాయి. ఇంజను ఆపి, అద్దాలు కొంచెం దించి పడుకోవాలి. ఏసీ కోసం ఇంజను నడుస్తుండగా నిద్రపోతే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరి ప్రాణం తీయగలదు. జలుబుకి నిద్రమత్తు తెచ్చే సెట్రిజిన్ మాత్ర వేసుకున్న రోజు స్టీరింగే పట్టకు.

ఇక కేసుల సంగతి. "నిద్ర పట్టేసింది సార్" అన్న మాట కోర్టులో నిన్ను కాపాడదు. నిద్ర ముంచుకొస్తోందని తెలిసీ బండి ఆపలేదంటే అదే నిర్లక్ష్యం. ఒళ్లు సహకరించని స్థితిలో నడిపినందుకు మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద మొదటిసారి జరిమానా వెయ్యి రూపాయల దాకానే. మనిషి పోతే మాత్రం భారతీయ న్యాయ సంహిత 106(1) కింద అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. తీవ్రంగా గాయపడితే 125(బి) కింద మూడేళ్ల దాకా. పరిహారం ఇన్సూరెన్సు కట్టొచ్చు, జైలు నువ్వే అనుభవించాలి. ప్రమాదం జరిగితే గాయపడినవాళ్లకి వైద్యం అందేలా చూడడం, పోలీసులకు చెప్పడం కూడా చట్టం పెట్టిన బాధ్యతే.

ఈ ఒక్క ట్రిప్పుకి యాక్టింగ్ డ్రైవర్‌ని కుదుర్చుకుంటే పగలు పడుకున్నాడో లేదో అడుగు. ముందు రోజు రాత్రి ఇంకో ట్రిప్పు కొట్టి వచ్చినవాడైతే తీసుకోకు.

శుక్రవారం రాత్రి ఇంట్లో ఏడు గంటలు పడుకుని, శనివారం అయిదింటికి బయలుదేరు. సూర్యాపేటలో టిఫిను, విజయవాడలో కాసేపు ఆగడం, రాజమండ్రిలో తేలిగ్గా భోజనం. పండగ రద్దీకి పంతంగి టోలు దగ్గర ఆలస్యమైనా ఈ మజిలీలు తగ్గించకు. భోజనం అయ్యాక 20 నిమిషాలు పడుకో, ఆ తర్వాత రెండు గంటలు మీ ఆవిడని నడపనివ్వు. చీకటి పడి కళ్లు మూతలు పడుతుంటే విశాఖలో అత్తయ్య వాళ్లింట్లో దిగిపోండి, భోజనం ఉంచమని చెప్పాను.

ఇట్లు,
మామయ్య