ఎరా? దీమమా?

సందేహం: సెలవురోజుల్లో కొయ్యతో చిన్న చేపబొమ్మలు చెక్కి, రంగులేసి, పైన ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపితే గట్టిపడే జిగురు) పూసి, గాలాలు తగిలించి చేపలు పట్టడానికి వాడుతుంటాను. ఇంగ్లీషులో వీటిని లూర్ అంటారు. ఈ సరదా గురించి తెలుగులో రాస్తూ ‘కృత్రిమ ఎర’ అన్నాను. మిత్రుడొకడు ‘మత్స్యాకర్షిణి’ అనమంటున్నాడు. ఏది సరి? కొయ్యను ‘సీల్ చేయడం’ అనేదాన్ని ‘ముద్ర వేయడం’ అనవచ్చునా? – జె.పి.నగర్, బెంగళూరు పాఠకుడు

సమాధానం: ఉత్తరంతో పాటు ఒక నమూనా కూడా పంపారు, అదీ గాలాలు ఊడదీసి. ముందు అందుకు కృతజ్ఞతలు. చూపుడువేలంత చేప. వీపు ముదురాకుపచ్చ, పొట్ట వెండి రంగు. దోమతెర గుడ్డ బిగించి దానిమీదుగా రంగు చల్లితే పొలుసులు పడ్డాయని రాశారు. అవి ఎంత బాగా కుదిరాయంటే మా ఆవిడ దాన్ని కొండపల్లి బొమ్మ అనుకుని అద్దాల బీరువాలో పెట్టేసింది.

‘మత్స్యాకర్షిణి’ ఏ యక్షిణికో పెట్టవలసిన పేరు. మీ మిత్రుణ్ణి దాన్ని ఒక్కసారి చెరువుగట్టున నిలబడి పైకి అనమనండి. ఇక ‘కృత్రిమ’. ఈమధ్య ఏ కొత్త వస్తువు కనబడినా ముందు ఈ మాట తగిలించి చేతులు దులుపుకుంటున్నాం. కృత్రిమ దంతం అయింది, కృత్రిమ మేధ వచ్చింది, ఇప్పుడు మీ ఎర వంతు. కృత్రిమమంటే చేసినది అనే కాబట్టి తప్పు పట్టలేను. చిక్కు విశేషణంలో లేదు, విశేష్యంలో ఉంది.

ఎర అంటే మొదట తిండి. తమిళంలో దీని తోబుట్టువు ‘ఇరై’. పక్షి గూటికి తెచ్చే మేతా ఇరైయే, పులి పట్టే జంతువూ ఇరైయే, గాలానికి గుచ్చేదీ ఇరైయే. కడుపులో అన్నం చేరే సంచి ‘ఇరైప్పై’. తమిళ ‘పుగై’ మనకు పొగ, ‘ఉడల్’ మనకు ఒడలు అయినట్టే, ఇరైలోని ఇకారం మన దగ్గర ఎకారమైంది. మీ ఊళ్లోనే ఇంకో సాక్ష్యం ఉంది. లాల్‌బాగ్ దగ్గర మొక్కలమ్మేచోట ఎరువు బస్తాల మీద ‘ఎరెహుళు గొబ్బర’ అని చూసి ఉంటారు. ఎరెహుళు అంటే వానపాము, గాలానికి గుచ్చే పురుగు. (ఎరువుకూ దీనికీ చుట్టరికం కలపకండి, నన్ను ఇప్పటికే ఇద్దరు అడిగారు.) సంస్కృతంలోనూ ఇదే వరస. ఆమిషమంటే మాంసం, ఎర కూడా. కన్నడ పత్రికలు ఓటర్లకు ‘ఆమిష’ ఒడ్డారని రాస్తే వాళ్లేదో మాంసం పంచారని కాదు.

అందుకే మీ కొయ్యచేపను ఎర అనడానికి నాకు మనసొప్పదు. దానిలో తినడానికేముంది?

ఇక్కడ నాకు 17వ శతాబ్దపు కంచెర్ల గోపన్న గుర్తుకు రాక తప్పదు. గోపన్న అనగానే అందరూ కీర్తనలే అందుకుంటారు. దాశరథీ శతకం విప్పేవారు తక్కువ. అందులో ‘వనకరి చిక్కె మైనసకు’ (అడవియేనుగు ఒంటి సుఖానికి చిక్కింది) అని మొదలయ్యే పద్యం ఒకటుంది. ఒక్కొక్క ఇంద్రియానికి ఒక్కొక్క ప్రాణి బలైపోవడం దాని వస్తువు. ‘వాచవికిం జెడిపోయె మీను’ అన్నాడు. వా అంటే నోరు, చవి రుచి. నోటి రుచికి చేప చెడింది. వినికికి పాము, తావికి (పరిమళానికి) తేటి (తుమ్మెద). కంటి వంతు వచ్చేసరికి ‘కనువేఁదుఱుఁ జెందెను లేళ్ళు’ అంటాడు. వేఁదురు అంటే వెర్రి. చూపుకు వెర్రెత్తిపోవడాన్ని ఒక్క మాటలో పట్టేశాడు, అలాంటి మాటను మనం అటకెక్కించాం. మీ చేపబొమ్మ చేసే పనేమిటో ఇప్పుడు చూడండి. పచ్చవీపు, వెండిపొట్ట, నీళ్లలో లాగుతుంటే ఆ ఒణుకు, అన్నీ కంటి కోసమే. మీ చెరువులో కొరమీను చెడేది కనువేఁదురుకు, ఆ తరవాతే వాచవికి.

మరి పేరు? పాత నిఘంటువుల్లో ‘దీమము’ అని ఉంది. తోటి మృగాన్నో పక్షినో రప్పించడానికి వేటగాడు పెంచే మృగం, పక్షి. గోపన్న పద్యం మొదట్లోని అడవియేనుగును పట్టించేది ఆడయేనుగనే దీమమే. ఇంగ్లీషు లూర్ కూడా చేపల మాటగా పుట్టలేదు, ఎగిరిన డేగను వెనక్కి రప్పించడానికి వేటగాడు తిప్పే ఈకల కట్ట అది. వేటలోంచి వాళ్లు మాట తెచ్చుకున్నప్పుడు మనకేం అడ్డు? ‘దీమపు చేప’ అనండి.

అయితే ఒక అభ్యంతరం నాకే తోస్తోంది. దీమం దగ్గరికి వచ్చేది జతకోసమో తోడుకోసమో. మీ బొమ్మ దగ్గరికి వచ్చేది మింగడానికి. అలా చూస్తే ఎర అన్నవాడిదీ అబద్ధం కాదు. ‘బొమ్మ ఎర’ అంటే నేను ఎర్రసిరాతో దిద్దను. లూర్ అనే రాసినా పత్రికేమీ మునిగిపోదు.

‘ముద్ర వేయడం’ మాత్రం వద్దు, అది పోస్టాఫీసులో పని. కొయ్యలోకి తడి ఇంకకుండా చేసేదానికి పూత చాలు. రంగుకు ముందుది ‘తొలిపూత’, చివరిది ‘మెరుగుపూత’. చెక్కినప్పుడు పడ్డ గుంటలు పూడ్చేదానికి కొండపల్లిలో చక్కని మాట ఉంది, మక్కు. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద అది. మీరు వాడేది వేరే సరుకైనా మాట మక్కే కానివ్వండి. మీకు 60 కిలోమీటర్ల దూరంలో చన్నపట్టణంలో కొయ్యకు లక్క పట్టించేవాళ్లున్నారు. వాళ్లనీ అడగండి, మన నిఘంటువులకెక్కని మాటలు దొరుకుతాయి.

మీరు పంపిన చేపకు తోక దగ్గర మెరుగుపూత కారి బొట్టుగా నిలిచింది. ఆరేదాకా తిప్పుతూ ఉండవలసింది. పైగా అది ఇంకా వేలికి అంటుతోంది, రెండు పాళ్లూ సమంగా కలిసినట్టు లేదు. బీరువాలో దాని పక్కనున్న బొమ్మ ఎడ్లబండికి కూడా అంటుకుంది. ఆ సంగతి మా ఆవిడకు ఇంకా తెలియదు.