అద్దానికి పర్రె, ఆటోక్రాస్‌కు తొందర

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. సెకండ్ హ్యాండ్‌లో 2012 మోడల్ స్విఫ్ట్ కొన్నాను. పోయిన నెల కరీంనగర్ నుంచి వస్తుంటే హుజూరాబాద్ దాటాక ముందు పోతున్న కంకర టిప్పర్ నుంచి రాయి ఎగిరొచ్చి ముందు అద్దానికి తగిలింది. అప్పుడు పెసరగింజంత చుక్కే. ఇప్పుడది డ్రైవర్ వైపు కింది అంచు దాకా జానెడు గీత అయింది. వచ్చే నెల హైదరాబాద్ దగ్గర ఆటోక్రాస్‌కు, అంటే మైదానంలో కోన్ల మధ్య టైము మీద నడిపే కారు పోటీకి, మొదటిసారి పేరు ఇచ్చాను. దోస్తులేమో "లామినేటెడ్ గ్లాసే కదరా, ఊడి మీద పడదు, ఆ పైసలతో కొత్త టైర్లు ఏయించుకో" అంటున్నారు. అమ్మేమో పగిలిన అద్దం అశుభమని కారే ఎక్కడం లేదు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మ మాటే విను తమ్ముడూ. కారణం మాత్రం ఆమె చెప్పేది కాదు.

మీ దోస్తులు చెప్పింది సగం నిజం. ముందు అద్దం ఒక్క అద్దం కాదు, రెండు పలుచటి అద్దాల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు, ఆ పొర మందం ముప్పావు మిల్లీమీటరు ఉంటుంది. పగిలినా ముక్కలు ఆ పొరకే పట్టుకుని ఉంటాయి. (ఈ ఆలోచన 1903లో ఫ్రాన్స్‌లో బెనెడిక్టస్ అనే కెమిస్టుకు వచ్చింది, చేయి జారి కిందపడిన గాజు ఫ్లాస్కు పగిలి కూడా ముక్కలైపోలేదు, చూస్తే లోపల ఎండిపోయిన ఒక రసాయనం పొర కట్టి ఉంది.) పక్క అద్దాలు, వెనక అద్దం అలా కాదు, టఫెన్డ్ గ్లాస్. తగిలితే కలకండ పలుకుల్లా రాలిపోతాయి. కాబట్టి నీ అద్దం ఊడి మీద పడుతుందన్న భయం పెట్టుకోకు.

అసలు తంటా గీత ఎక్కడుందన్న దగ్గర వస్తుంది. నువ్వే రాశావు, అంచు దాకా వచ్చిందని, అది కూడా డ్రైవర్ వైపు. అద్దం మధ్యలో చిన్న చుక్క ఉంటే అది కొన్నాళ్లు అలాగే ఉండిపోవచ్చు గానీ, అంచును తాకిన గీత ఆగదు, ఎందుకంటే అద్దాన్ని బాడీకి అతికించేది అక్కడే, బాడీ ఎంత మెలిక తిరిగితే అంత లాగుడు మొదట అంచు మీదే పడుతుంది. ఆటోక్రాస్‌లో చేసేదేమిటి? కోన్ల మధ్య కుడికీ ఎడమకీ కొట్టడం, హ్యాండ్‌బ్రేక్ లాగి తిప్పడం, గతుకుల మట్టి మీద ఒక చక్రం పైకి ఒకటి కిందికి. ఆరోగ్యంగా ఉన్న బాడీ కూడా కాస్త మెలికపడుతుంది, పన్నెండేళ్లు దాటిన కారు ఇంకాస్త.

ఒక పని చెయ్యి. గోటితో బయటి నుంచి గీత మీద అడ్డంగా గీకు, తర్వాత లోపలి నుంచి. బయట మాత్రమే గోరు తట్టుకుంటే ఒక పొరే పగిలింది. లోపల కూడా తట్టుకుంటే రెండూ పోయాయి, ఇక ఆ కారును గ్లాస్ షాపు దాకా తప్ప ఎక్కడికీ తీయకు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది చెబుతాను, దీన్ని ఎవరూ పట్టించుకోరు. వరంగల్ నుంచి పొద్దున్నే హైదరాబాద్ బయల్దేరితే సూర్యుడు నీ వెనకే ఉంటాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ వెనకే. అందుకే "నేను రోజూ నడుపుతున్నా, ఏం కాలేదు" అనిపిస్తుంది. మైదానంలో అలా కుదరదు, ప్రతి రెండు మూడు సెకన్లకు కారు ముఖం దిక్కు మారుతుంది, ఎండ ఎదురైన క్షణంలో ఆ గీత పొడుగునా వెండి తీగలా మెరుస్తుంది, కన్ను దాని మీదికే పోతుంది, కోన్ మీదికి పోదు. మెరిసేది చూడకుండా ఉండటం మనిషి చేతిలో లేదు. రాత్రి ఎదురుగా లారీ హెడ్‌లైట్లు పడినా అంతే.

పోటీ మొదలవకముందు స్క్రూటినీ, అంటే కారు తనిఖీ, ఉంటుంది, హెల్మెట్, సీట్ బెల్టులు, బ్రేకులు, బ్యాటరీ బిగింపు, కారులో వదులుగా దొర్లే వస్తువులు, అన్నీ చూస్తారు. డ్రైవర్ చూపుకు అడ్డంగా, పరుగులో ఇంకా పెరిగేలా కనిపించే పర్రె ఉంటే వద్దనే హక్కు వాళ్లకుంది, వద్దంటే నాకు బాధ కూడా లేదు. ఎంట్రీ ఫీజు, డీజిల్, సెలవు మూడూ పోతాయి నీకు. కనీసం ఇప్పుడే ఫోటో తీసి నిర్వాహకులకు పంపి అడుగు.

ఇక రిపేరు సంగతి. చుక్క ఉన్న రోజే పోయి ఉంటే రెజిన్ అనే పారదర్శకమైన జిగురు ఎక్కించి అతినీలలోహిత దీపంతో గట్టిపరిచేవాళ్లు, కొద్దిపాటి ఖర్చుతో పోయేది. జానెడు గీత, అదీ అంచు దాకా పోయింది, దానికి రెజిన్ పనిచెయ్యదు. నిన్ను అనడానికి నాకు నోరు లేదులే, నేనూ ఇదే చేశాను. కొన్నేళ్ల కింద రామగుండం పోయినప్పుడు చుక్క పడ్డ కారును మే నెల ఎండలో నాలుగు గంటలు పెట్టాను. వచ్చి కూర్చుని, స్టీరింగ్ మీద చెయ్యి పెట్టలేక, ఏసీ ఫుల్లుగా పెట్టి గాలిని అద్దం మీదికి తిప్పాను. "టిక్" అని ఒక్క చప్పుడు. చూస్తుండగానే గీత బెత్తెడు పాకింది. బయట కాగిన అద్దానికి లోపల చల్లగాలి, అంతే సంగతి. చుక్క పడ్డ రోజే దుమ్మూ నీళ్లూ దూరకుండా పారదర్శకమైన టేపు ముక్క అంటించి, వారంలోపు రిపేరుకు ఇవ్వాల్సింది. ఫెవిక్విక్ పోసే మహానుభావులున్నారు, అది పోశాక రెజిన్ కూడా ఎక్కదు.

కాబట్టి అద్దం మార్చు, టైర్లు ఆగుతాయి. మొదటి ఆటోక్రాస్‌లో నువ్వు ఓడిపోయేది టైర్ల వల్ల కాదు, దారి మర్చిపోయి! అద్దం మార్చేటప్పుడు మూలన లామినేటెడ్ అనీ, ఐఎస్ 2553 (సేఫ్టీ గ్లాస్‌కు భారత ప్రమాణం) అనీ ముద్ర ఉందో లేదో చూడు. పాత మారుతి 800లా రబ్బరు బీడింగులో కూర్చునే అద్దం కాదిది, పాలీయూరిథేన్ గమ్ముతో అతికిస్తారు. ఎవరైనా బాత్రూం సిలికాన్‌తో కానిచ్చేస్తానంటే దండం పెట్టి వచ్చెయ్. ఎందుకంటే నీ వేరియంట్‌లో పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ ఉంటే అది పేలినప్పుడు ఈ అద్దానికే ఆనుకుని మనిషి వైపు తిరుగుతుంది, గమ్ము వదులైతే అద్దాన్ని బయటికి తోసేస్తుంది. కారు బోల్తా పడితే పైకప్పును నిలబెట్టడంలో కూడా అద్దానిది ఒక చెయ్యి. పోటీ ముందు రోజు మార్పించకు, వారం ముందే కానియ్. గమ్ము ఆరేదాకా ఎన్ని గంటలు కదపొద్దో షాపులో అడుగు, ఆ రోజంతా ఒక కిటికీ రెండు వేళ్లు దించి ఉంచు, తలుపులు దబదబా వేయకు.

ప్రశ్న: అద్దం బదులు పాలీకార్బొనేట్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) షీటు వేయిస్తే బరువు తగ్గుతుంది, పగలదు కూడా. మంచి ఐడియానే కదా? – కాజీపేట పాఠకుడు

జవాబు: ట్రెయిలర్ మీద తీసుకుపోయే రేస్ కారుకైతే ఆలోచించవచ్చు, అదీ ఆ పోటీ నిబంధనలు ఒప్పుకుంటేనే. రోడ్డు మీద నడిచే కారుకు కాదు. ముందు అద్దం లామినేటెడ్ సేఫ్టీ గ్లాస్ అయ్యుండాలని, వెలుతురు కనీసం 70 శాతం లోపలికి రావాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. పాలీకార్బొనేట్ పగలదు, నిజమే, గీతలు మాత్రం ఇట్టే పడతాయి. మన దుమ్ములో నాలుగుసార్లు వైపర్ తిప్పి చూడండి, మంచు పట్టిన పొద్దున కనిపించినట్టు కనిపిస్తుంది రోడ్డు. ఇక బోర్డులు రాసే షాపులో దొరికే అక్రిలిక్ షీటు అసలే వద్దు, విరిగితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది.

ప్రశ్న: పోటీలో రాయి తగిలి అద్దం పోతే ఇన్సూరెన్స్ వస్తుందా? – మంచిర్యాల పాఠకురాలు

జవాబు: రాదండీ. మామూలు కారు పాలసీలోనే రాసి ఉంటుంది, రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్ లాంటి వాటికి వర్తించదని. రోడ్డు మీద టిప్పర్ రాయి తగిలిందంటే మాత్రం ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టం) కింద అడగవచ్చు, పైగా ప్లాస్టిక్ భాగాలకు తరుగు పట్టుకున్నట్టు అద్దానికి పట్టుకోరు. 1500 సీసీ లోపు కారైతే 1000 రూపాయలు మీరు పెట్టుకోవాలి, క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, పోతుంది. ఆ బోనస్ మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై 50 దాకా పోతుంది కాబట్టి, మీరు 50లో ఉంటే ముందు లెక్క వేసుకోండి, ఒక్కోసారి చేతి నుంచి పెట్టుకోవడమే నయం. మైదానంలో పగిలిన అద్దాన్ని హైవే మీద పగిలిందని రాయించే పని పెట్టుకోకండి, సర్వేయర్లు మట్టి రంగు చూసి కూడా అడుగుతారు.

ప్రశ్న: ప్రాక్టీసుకు పొద్దున ఐదింటికి బైపాస్ ఖాళీగా ఉంటుంది. అక్కడ చేయొచ్చా? – వరంగల్ పాఠకుడు

జవాబు: వద్దు. రోడ్డు మీద పందెం పెట్టుకోవడం, స్పీడు పరీక్షించడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, మొదటిసారే మూడు నెలల దాకా జైలు గానీ 5000 దాకా జరిమానా గానీ రెండూ గానీ. చట్టం పక్కన పెట్టినా, ఐదింటికి ఆ రోడ్డు మీద పాలవాళ్లు, కూరగాయల ట్రాలీలు, వాకింగ్‌కు వచ్చిన పెద్దమనుషులు ఉంటారు. ఫంక్షన్ లేని రోజు చూసి తెలిసిన ఫంక్షన్ హాలు ఓనర్‌ను పార్కింగ్ జాగా అడుగు. ఆరు ఖాళీ నీళ్ల సీసాల్లో మట్టి నింపి నిలబెట్టు, రెండో గేరు దాటకుండా వాటి మధ్య తిప్పు. పోయేముందు సీసాలు ఏరుకుపో, లేకపోతే రెండోసారి గేటు తీయడు.